వాకిట్లో నిలబడ్డ ఉత్తరాలు

మా కంప్యూటర్ సార్ పోయారన్న కబురు నాకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. సోమవారం పొద్దున ప్రిన్సిపాల్ మేడమ్ పిలిస్తే వెళ్లాను. ఆమె ఏదో కాగితం మీద సంతకం పెడుతూ, తల ఎత్తకుండానే, "మన పాత సార్ పాలమూరుల పోయిండంట గద. నీకు ఎర్కనే అనుకున్న" అన్నారు. నాకు ఎర్కలేదు. ఆమె సంతకం ముగించి రెండో మాట కూడా చెప్పారు. కాలేజీ పాత సర్వరును శనివారం పీకేస్తున్నారట. దాని మీద ఇంకా నడుస్తున్నది సార్ మెయిల్ ఒక్కటేనట. కాలేజీకి పనికొచ్చేవి ఏమన్నా ఉంటే అంతలోపల చూసి తీసిపెట్టమన్నారు. దాని పాస్‌వర్డు తెలిసిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే.

ఆ మెయిల్ తెరవాలంటే నాకు చేతులు రాలేదు. ఎందుకో ముందే చెప్పేస్తాను, దాచి లాభం లేదు. సార్ రిటైరై పాలమూరు వెళ్లాక మా మధ్య నెలకో ఉత్తరం నడిచేది. ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవారు, అదీ ఒకే ఒక్క వాక్యం: "వాకిలి ఎట్లున్నది బిడ్డ?" పోయిన ఎండాకాలం మాత్రం ఇంకో వాక్యం కలిపారు, మోకాళ్లు సహకరిస్తలేవు, నల్లగొండకు రాలేనేమో అని. నేను వెంటనే జవాబు రాశాను. "మీరు రావద్దు సార్. వచ్చే నెల నేనే తప్పకుండా వస్త." రాసి, వెళ్లలేదు. ఒక నెల అడ్మిషన్లన్నాను, ఇంకో నెల తనిఖీలన్నాను, దసరా అన్నాను, పరీక్షలన్నాను. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా నాలుగు గంటల బస్సు ప్రయాణం. దానికి ఎనిమిది నెలలు సరిపోలేదు నాకు.

సార్‌ను నేను మొదట చూసింది తెలంగాణ వచ్చిన కొత్తలో. నల్లగొండలో ఈ ఆడపిల్లల కాలేజీ లైబ్రరీలో నేను అసిస్టెంటుగా చేరాను. లైబ్రరీ వెనక గదిలో, కిటికీ పక్కన, ఆయన కూర్చునేవారు. పాలమూరు మనిషి. ఇంట్లో ఉర్దూ, బయట మా తెలుగు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి, ఆయన పెన్నుతో రాయగా నేను చూడలేదు. కళ్లద్దాలకు ఒక పక్క దారం కట్టి ఉండేది. అద్దాలు మార్చుకోండి సార్ అంటే, "దారం మంచిగనే ఉన్నది గద" అనేవారు.

ఆయన ముందున్న తెర నల్లగా ఉండేది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, అంతే. బొమ్మల్లేవు, రంగుల్లేవు. ఎవరన్నా పెళ్లి ఫొటో పంపితే ఫొటో ఉందని చెప్పేది తప్ప చూపించేది కాదు. మౌసు వైరు చుట్టి సొరుగులో పడేశారు. అన్నీ మీటలతోనే. ఉత్తరం చదవాలన్నా, జవాబు రాయాలన్నా, ఏ ఫోల్డర్లో పెట్టాలన్నా ఒక్కో అక్షరం నొక్కాలి. ఏ అక్షరం నొక్కితే ఏమవుతుందో తెర అడుగున రెండు వరుసల్లో రాసి ఉండేది. అప్పటికే అందరూ రంగుల మెయిల్‌కు మారిపోయారు. మన నెట్టు నత్తనడకగా ఉన్నప్పుడు నేర్చుకున్న అలవాటు ఆయనది, వదల్లేదు.

డిగ్రీ పిల్లలు నవ్వేవారు. "సార్, మీ కంప్యూటర్ బస్టాండుల బోర్డు లెక్కున్నది" అని ఒక పిల్ల ముఖం మీదే అనేసింది. సార్‌కు కోపం రాలేదు. "బస్టాండుల బోర్డు చూసే గద బిడ్డ మీరంత ఊళ్లకు పోయేది" అన్నారు, మీటల మీది నుంచి కళ్లు తీయకుండా.

నవ్విన ఆ పిల్లలే అప్లికేషన్లలో మెయిల్ అడ్రసు దగ్గర సార్ అడ్రసు రాసేవారు. అప్పట్లో చాలామందికి సొంత ఫోను లేదు. ఇంట్లో ఒక్కటుంటే అది తండ్రి జేబులోనో, అన్న చేతిలోనో ఉండేది. అందుకని నర్సింగ్‌కైనా, బీఈడీకైనా, హైదరాబాద్‌లో ఏదన్నా చిన్న ఉద్యోగానికైనా, కబురు వస్తే సార్‌కు రావలసిందే. ఆయన దాన్ని అచ్చు తీసి ఆ పిల్ల చేతికి ఇచ్చేవారు. ఎవరూ ఆయన్ని ఆ పని చేయమనలేదు. ఎవరూ వద్దనలేదు కూడా.

ఫోల్డర్ల విషయంలో మా ఇద్దరికీ మొదటి వారమే పేచీ వచ్చింది. నాకు లైబ్రరీ చదువు అబ్బింది కదా, ప్రతిదానికీ ఒక వర్గం ఉండాలి నాకు. అప్లికేషన్లు ఒక చోట, హాల్ టికెట్లు ఒక చోట, ఫీజులు ఒక చోట పెడదామన్నాను. సార్ వినలేదు. ఆయన ఫోల్డర్లన్నీ మనుషుల పేర్ల మీద ఉండేవి. ఒకే పేరు ఇద్దరికుంటే పక్కన ఊరి పేరు చేర్చేవారు.

"ఇయ్యాల అప్లికేషన్ అంటవ్, రేపు హాల్ టికెట్ అంటవ్, ఎల్లుండి ఇంకోటంటవ్. మనిషి ఒక్కతే గద. ఆ పిల్ల వచ్చి అడిగితే నాలుగు చోట్ల దేవులాడుకుంట కూసోవాల్నా?" అన్నారు. నేను మూతి ముడుచుకుని నా బల్ల దగ్గరకు వెళ్లిపోయాను.

ఇంకో పద్ధతి ఉండేది. అది నాకు అర్థం కావడానికి ఒక తప్పు చేయవలసి వచ్చింది. వచ్చిన ఉత్తరాన్ని ఆయన చదివేవారు, అచ్చు తీసేవారు, అయినా ఫోల్డర్లోకి పంపేవారు కాదు. ఇన్‌బాక్సులోనే వదిలేసేవారు. ఇన్‌బాక్సును ఆయన వాకిలి అనేవారు. పొద్దున రాగానే తెర ముందు కూర్చుని, "వాకిట్ల ఆరుగురున్నరు" అనో, "తొమ్మండుగురున్నరు" అనో లెక్క చెప్పేవారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్తూ, "జర వాకిలి చూస్కో బిడ్డ" అని నాకు అప్పజెప్పేవారు. చదివేసిన ఉత్తరాలను ఇన్‌బాక్సులో ఎందుకు పేర్చుకున్నాడీ మనిషి అని నేను లోపల విసుక్కునేదాన్ని.

ఫోల్డర్లో పెట్టిన ఉత్తరం కూడా వెంటనే వాకిట్లోంచి పోదు. దాని పక్కన డీ అనే గుర్తు పడుతుంది. తెర మూసేటప్పుడు, గుర్తు పడ్డవాటిని తీసేయాలా అని ఆ ప్రోగ్రాం అడుగుతుంది. వై అంటే అవును, ఎన్ అంటే వద్దు. సార్ సాయంత్రం ఎప్పుడూ ఎన్ నొక్కేవారు. పొద్దున వచ్చి, ఒకసారి చూసుకుని, అప్పుడు వై నొక్కేవారు. "పొద్దు మీకి తొందరల ఏదన్న మర్చిపోతం. తెల్లారినంక అడుగుతె మంచిగ యాదికుంటది" అనేవారు.

నేను చేరిన ఏడాది, పత్తి ఏరే రోజుల్లో, సార్ అన్న కూతురి పెళ్లికని నాలుగు రోజులు పాలమూరు వెళ్లారు. మెయిల్ చూసుకొమ్మని నాకు చెప్పారు. మొదటి రోజే తెరిచాను. పదకొండు ఉత్తరాలు, అన్నీ చదివినవే. నాకు చేతులు ఊరుకోలేదు. సార్ వచ్చేసరికి శుభ్రంగా ఉంచాలని, ఆయన పద్ధతిలోనే, ఎవరి ఉత్తరం వాళ్ల పేరు మీది ఫోల్డర్లోకి పంపేశాను. పేరు పక్కన ఊరు కూడా తప్పు పోనివ్వలేదు. చివర్లో అడిగితే వై నొక్కాను. ఇన్‌బాక్సు ఖాళీ అయింది. అద్దం లాగా ఉందనుకుని మురిసిపోయాను కూడా.

సార్ తిరిగొచ్చి తెర చూశారు.

"నేను పోయేటప్పుడు వాకిట్ల పదకొండు మంది ఉండిరి బిడ్డ. యాడికి పోయిండ్రు?"

"సర్దిన సార్. ఎవరిది వాళ్ల ఫోల్డర్ల పెట్టిన."

"వాళ్లకు ఇచ్చినవా?"

నేను అర్థం కాక చూశాను. అప్పుడు చెప్పారు ఆయన. చదివిన ఉత్తరాలు కావు అవి, చేరని ఉత్తరాలు. కాగితం ఆ పిల్ల చేతిలో పడేదాకా ఉత్తరం వాకిట్లోనే నిలబడి ఉంటుంది. చేతిలో పడ్డాకే లోపలికి వెళ్తుంది. పది మంది పేర్లు సార్ వేళ్ల మీద లెక్కబెట్టి చెప్పారు. వాళ్లవి తొందర లేనివి. పదకొండో పేరు దగ్గర ఆయన వేలు ఆగింది. కట్టంగూర్ పిల్ల. నర్సింగ్ శిక్షణకు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ. తెల్లారి పొద్దున పది గంటలకు.

తండ్రి ఫోను స్విచాఫ్. మళ్లీ మళ్లీ చేశాం. ముందే అచ్చు తీసిపెట్టిన ఆ కాగితాన్ని సార్ మడిచి, పెన్నుల జేబులో పెట్టుకుని, "పద" అన్నారు. మధ్యాహ్నం ఎండలో కట్టంగూర్ బస్సెక్కాం. దారిలో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కిటికీ వైపు తిరిగి నేను ఏడ్చాను. ఆయన చూసీ చూడనట్టు కండక్టరుతో ముచ్చట పెట్టుకున్నారు.

ఇంటికి తాళం ఉంది. పక్కింటి ఆమె, చేను కాడికి పోయిండ్రని చెప్పింది. పొలం గట్ల మీద సార్ ముందు, నేను వెనక. ఆ పిల్ల నడుముకు ఒడి కట్టుకుని పత్తి ఏరుతోంది. సార్‌ను చూసి పరుగెత్తుకొచ్చింది. కాగితం చదివి, తల్లి వైపు చూసింది. తల్లి తండ్రి వైపు చూసింది. ఒక్కదాన్ని హైదరాబాద్ ఎట్ల పంపుడు, ఈ పొద్దు ఈ పొద్దు అంటే ఎట్ల అని తండ్రి గొణిగాడు. నాలుగు రోజుల ముందే తెలిసి ఉంటే ఆ ఇంట్లో ఆలోచించుకోవడానికి టైముండేది.

సార్ గట్టు మీద కూర్చుని నీళ్లడిగి తాగారు. "గీ కాయితం నాలుగు దినాలు మా తాన్నే ఆగింది తమ్మి. తప్పు మాది, బిడ్డది కాదు. మా తప్పుకు దాని చదువు ఆగొద్దు. నువ్వు రాలేనంటె చెప్పు, గీ మేడమ్ తోడు పోతది" అని నన్ను చూపించారు. తప్పు మాది అన్నారు. నాది అనలేదు.

తండ్రి తలకు చుట్టిన తువ్వాల విప్పాడు. "హైదరాబాద్ బస్సు ఎన్నింటికున్నది సార్?" అన్నాడు.

ఆ పొద్దే నేనూ ఆ పిల్లా బస్సెక్కాం, తండ్రి కూడా వచ్చాడు. ఆమెకు సీటొచ్చింది. ఇప్పుడు హుజూర్‌నగర్‌లో ఒక దవాఖానలో నర్సు. తిరిగొచ్చాక సార్ ముందు నిలబడి తప్పయింది అన్నాను. ఆయన చాయ్ సగం సాసర్లో పోసి నా వైపు జరిపారు. "సర్దుడు మంచిగ వచ్చు నీకు. చేర్సుడు కూడ నేర్చుకో" అన్నారు. ఆ తర్వాత ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

నెల మొదటి రోజు ఆ ప్రోగ్రాం ఇంకో రెండు ప్రశ్నలు అడిగేది. పోయిన నెలలో మనం పంపిన ఉత్తరాలను వేరే కట్ట కట్టి ఆ నెల పేరు పెట్టాలా అని ఒకటి. ఇంతకు ముందు నెలల పాత కట్టలను తీసేయాలా అని ఇంకోటి. మొదటిదానికి సార్ వై, రెండోదానికి ఎన్. ప్రతి నెలా అంతే. సర్వర్లో జాగా నిండుతోందని ఎన్ని ఫిర్యాదులొచ్చినా అంతే.

"మనకొచ్చిన ఉత్తరాలు దాచుకోండి సార్, అర్థముంది. మనం పంపినవి ఎందుకు?" అన్నానొకసారి.

"వచ్చినయి వాళ్ల మాటలు. పంపినయి మన మాటలు" అన్నారు. "ఎవరికి ఏం చెప్పినమో మనకు యాదికుండొద్దా?"

తర్వాత తర్వాత ప్రతి పిల్ల చేతిలోకీ ఫోనొచ్చింది. ఎవరి మెయిల్ వాళ్లకు, ఎవరి కబురు వాళ్ల అరచేతిలోకి. సార్ వాకిట్లో తొమ్మండుగురు నలుగురయ్యారు, నలుగురు ఇద్దరయ్యారు. నేను బాధపడితే ఆయన నవ్వారు. "వాకిలి ఖాళీ అయిందంటె అందరు ఇండ్లకు చేరిండ్రని బిడ్డ" అన్నారు. రిటైరయ్యే రోజు ఆయన అడిగింది ఒక్కటే, ఆ అడ్రసు ఉంచమని. పాత పిల్లలెవరన్నా రాస్తే దిక్కు లేకుండా పోకూడదని. అప్పటి ప్రిన్సిపాల్ సరేనన్నారు. అప్పటి నుంచి పాలమూరులో ఇంట్లో కూర్చుని, పాత లాప్‌టాప్ మీద, అదే నల్ల తెర.

మొన్న బుధవారం సెలవు పెట్టి పాలమూరు వెళ్లాను. ఎనిమిది నెలల్లో దొరకని సెలవు ఒక్క చీటీ రాస్తే దొరికింది. సార్ భార్య ఇద్దత్‌లో ఉన్నారు, భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు గడప దాటరు. లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉన్న ఆమె నన్ను చూసి, "నల్లగొండ బిడ్డవేనా?" అన్నారు.

"అవునమ్మా. రావాల్సినప్పుడు రాలె" అన్నాను.

"ఇప్పుడన్న వచ్చినవ్ గద. కూసో." చాయ్ తెప్పించారు. హుజూర్‌నగర్ నర్సమ్మ రెండుసార్లు వచ్చిపోయిందని, సార్ మోకాళ్లకు మందులు తెచ్చిందని చెప్పారు. నాకు సిగ్గేసింది. ఆ పిల్లకు నేనే ఆలస్యం చేశాను, ఆ పిల్ల ఆలస్యం చేయలేదు.

కిటికీ దగ్గర చిన్న బల్ల మీద సార్ లాప్‌టాప్ మూసి ఉంది. దాని మీద దారం కట్టిన కళ్లద్దాలు. ఆమె అటు చూస్తూ అన్నారు. "పొద్దుగాల్నే చాయ్ పక్కకు పెట్టుకొని ఆ డబ్బ తెరుస్తుండె. వాకిట్ల ఎవరన్న ఉన్నరా అని నేను అడుగుతుంటి. పరాచికానికే. ఒక్కలే ఉన్నరు, అంటుండె. ఎన్ని దినాలడిగినా గదే మాట. ఎవరయ్యా ఆ ఒక్కలు అంటె, ఉన్నరులే, వస్తరు, అంటుండె. ఎవరో నాకు తెల్వది. నీకేమన్న తెలుసా బిడ్డ?"

తెలియదన్నాను. అబద్ధం చెప్పలేదు, అప్పటికి నిజంగానే తెలియదు. తిరుగు బస్సులో జడ్చర్ల దాటే వరకు ఆ ఒక్కరు ఎవరై ఉంటారా అని ఆలోచించాను. జడ్చర్ల దాటాక ఆలోచించడం ఆపేశాను.

శుక్రవారం సాయంత్రం, లైబ్రరీ మూశాక, వెనక గదిలో పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పాస్‌వర్డు మారలేదు. ముందు ఫోల్డర్లు తెరిచాను. పేజీల కొద్దీ పేర్లు, పేర్ల పక్కన ఊళ్లు. అన్నీ పెన్ డ్రైవ్‌లోకి ఎత్తుకున్నాను. కాలేజీకి పనికొచ్చేవి ఏమీ లేవని మేడమ్‌కు చెప్తాను. అందులో ఉన్నవన్నీ మనుషులవి.

ఆ తర్వాత ఇన్‌బాక్సు తెరిచాను. ఒకే ఒక్క వరుస. ఒకటి అనే అంకె, ఎనిమిది నెలల కిందటి తేదీ, నా పేరు, పక్కన ఉత్తరానికి నేను పెట్టిన శీర్షిక: వస్తున్న సార్.

ఆయన దాన్ని చదివారు, జవాబు కూడా రాశారు. "మంచిది బిడ్డ" అని రాసిన ఆ జవాబు నాకు అందింది కూడా. అయినా లోపలికి పంపలేదు. వస్తానన్న మనిషి రాలేదు కాబట్టి ఉత్తరం చేరనట్టే లెక్క. ఎనిమిది నెలలు, ప్రతి పొద్దునా, చాయ్ తాగుతూ, నన్ను వాకిట్లో చూసుకున్నారు. ఒక్కసారన్నా ఇంకా రాలేదేమని రాయలేదు. నేను కూర్చున్న చోటే వెక్కి వెక్కి ఏడ్చాను.

ఏడుపు తగ్గాక ముఖం కడుక్కొచ్చి మళ్లీ కూర్చున్నాను. వెళ్లొచ్చాను కదా, ఆలస్యంగానైనా. ఉత్తరాన్ని లోపలికి పంపే ఎస్ నొక్కాను. ఏ ఫోల్డర్లో పెట్టాలని అడిగి, ఆ ప్రోగ్రామే నా పేరు చూపించింది, పక్కన మా ఊరి పేరుతో. నాకూ ఒక ఫోల్డర్ ఉందని నాకు తెలియదు. పంపించాను. వరుస పక్కన డీ గుర్తు పడింది.

తెర మూయడానికి క్యూ నొక్కితే ఎప్పటిలాగే అడిగింది, ఒక ఉత్తరం తీసేయాలా అని. నా వేలు వై మీదకు వెళ్లి ఆగింది. పొద్దు గుంకుతోంది, నేను తొందరలో ఉన్నాను. ఎన్ నొక్కాను. సర్వరు తీసేవాళ్లు తెల్లారి పది గంటలకు వస్తారు, నేను తొమ్మిదికే వచ్చి కూర్చోవచ్చు. గది తలుపు వేసి బయటికి వచ్చాను. అందరూ ఇళ్లకు చేరాక, సార్ వాకిట్లో నా పేరు ఒక్కటే, తెల్లారేదాకా.